గేటుకు నాలుగు తాళాలు

మా ఊళ్లో తాళాలు బాగుచేసేవాడు ఒకడున్నాడు. మారు తాళంచెవులు చేస్తాడు కాబట్టి అందరూ వాణ్ణి డూప్లికేట్ అంటారు. అనుమానంలో వాడికి సాటి లేరు. బయట వాన కురుస్తోందని పదిమంది చెప్పినా, చెయ్యి చాపి తడిస్తే గాని నమ్మడు. డాక్టరు నాడి పట్టుకుంటే, రెండో చేతి నాడి తనే పట్టుకుని, "మీకెంత వచ్చింది?" అని అడుగుతాడు. ఒకసారి ఎండలో నడుస్తూ, నీడ వెనకాలే వస్తోందని ఆగి, "నిన్నెవరు పంపార్రా?" అన్నాడు. ఈ చివరిది నేను పుట్టించిన మాట. మిగతావి నిజం.

వాడి కొట్టు బస్సులు మలుపు తిరిగే చోట, రెండు పెద్ద షాపుల గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. మనిషి పక్కకు తిరిగి లోపలికి దూరాలి. గోడల నిండా మేకులు, ప్రతి మేకుకూ తాళంచెవుల గుత్తులు. బల్ల మీద ఇనుము అరగదీసే ఆకురాళ్లు, కిరసనాయిలు డబ్బా, విప్పి పడేసిన తాళాల కడుపులు. విచిత్రం ఏమిటంటే ఆ కొట్టుకు తాళం ఉండదు. పొద్దుపోయాక తలుపు దగ్గరికి లాగి, కింద ఒక చెక్కముక్క దూర్చి ఇంటికి వెళ్లిపోతాడు.

"అదేంట్రా, ఊరందరికీ తాళాలు బాగుచేసేవాడివి?" అన్నానొకసారి.

"అవి ఎంత తేలిగ్గా వస్తాయో నాకు తెలుసుగా" అన్నాడు.

మేమిద్దరం సిస్టర్ల కాన్వెంటులో ఒకే బెంచీ. అక్కడ నాకు ఇంగ్లీషు వచ్చింది, వాడికి తన్నులు వచ్చాయి. తన్నింది సిస్టర్లు కాదు, తోటి పిల్లలు. ఒకరోజు మధ్యాహ్నం ప్రార్థన గంట కొట్టగానే పుస్తకాలు సంచిలో సర్దుకుని బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు. వాడి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. ఊరు నేర్పింది.

ఊరి మధ్యలో ఒక మట్టిదిబ్బ ఉంది. దాని కింద యుద్ధకాలంలో కట్టిన నేలమాళిగ. విమానాలు వస్తున్నాయని సైరన్ మోగితే జనం అందులో తలదాచుకోవాలి. ఇరుకైన మెట్లు కిందికి దిగుతాయి, చివర ఇనప తలుపు. ఆ తలుపు తాళంచెవి డూప్లికేట్ వాళ్ల నాన్న దగ్గర ఉండేది. ఆయనదీ తాళాల పనే. సైరన్ వినపడగానే పరుగున వెళ్లి తలుపు తియ్యడం ఆయన బాధ్యత.

మేమింకా పాలు తాగే వయసులో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం మసక చీకట్లో సైరన్ మోగింది. జనం మెట్ల మీదికి విరగబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. ఆ తొక్కిసలాటలోనే దిబ్బ అంచున బాంబు పడి, మట్టి జారింది. తలుపు దగ్గరున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. తాళంచెవి ఉన్న మనిషి అదే సమయంలో దిబ్బకు దూరంగా పరిగెత్తడం చాలామంది చూశారు.

ఆయన బతికినంతకాలం ఒకటే చెప్పాడు. తాళం తీశానని, లోపల దీపం వెలిగించానని, వెలుగు బయటికి కనపడితే విమానాలకు ఆనవాలు దొరుకుతుందని తలుపు దగ్గరికి వేశానని, సైరన్ సరిగ్గా వినపడని చివరి వీధిలో ముసలివాళ్లను తీసుకురావడానికి పరిగెత్తానని. ఎవరూ నమ్మలేదు. చనిపోయినవాళ్లను వెలికితీశాక కూడా తలుపు ముందు మోకాలెత్తున మట్టి ఉండిపోయింది. లోపల ఎవరూ లేరు కాబట్టి దాన్ని తవ్వి తలుపు తియ్యాల్సిన పని ఎవరికీ పడలేదు. తాళం వేసే ఉందని ఊరంతా అనుకుంది. అనుకున్నదే ఖాయమైంది.

యుద్ధం అయ్యాక దిబ్బ మీద ఒక స్మారకశిల నిలబెట్టారు. మెట్లకు పైన ఇనప గేటు పెట్టారు. ఒక్కడి చేతిలో తాళంచెవి ఉంటే ఏమవుతుందో చూశాం గదా అని, ఆ గేటుకు నాలుగు వీధుల తరఫున నాలుగు తాళాలు వేశారు. ఏ వీధి తాళం ఆ వీధివాళ్లు వేరువేరు ఊళ్లనుంచి తెచ్చుకున్నారు. పోయినవాళ్లకు పై మెట్టు మీద దీపం పెట్టడానికి ఏడాదికోసారి, ఆ రోజున, నాలుగు తాళంచెవులూ వస్తేనే గేటు తెరుచుకుంటుంది. నలుగురిలో ఒకడు అలిగితే ఆ ఏటికి అంతే. తాళాలు తుప్పుపడితే బస్సెక్కించి పొరుగూరు తీసుకెళ్లి బాగుచేయించేవాళ్లం గాని, బస్సుల మలుపులో ఉన్న డూప్లికేట్ చేతికి ఇచ్చింది లేదు. వాణ్ణి గేటు దాటనిచ్చింది అంతకన్నా లేదు.

మా వీధి తాళంచెవి మా నాన్న నుంచి నాకు వచ్చింది. మిగతా మూడూ మందుల షాపాయన, కలప అడితి ఆయన, ప్రింటింగ్ ప్రెస్సాయన దగ్గర ఉండేవి. వాళ్లకూ తండ్రుల నుంచి వచ్చినవే. మా నలుగురికీ ఒకరంటే ఒకరికి పడదు. పడితే ఆ ఏర్పాటుకు అర్థమే లేదు.

ఇలా ఉండగా మ్యూజియం శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మాయి వచ్చింది. దిబ్బ చుట్టూ తిరిగింది, కొలతలు తీసుకుంది, ఫోటోలు తీసింది. ఆ నేలమాళిగను మ్యూజియం చేస్తారట. మట్టి తవ్వి, తలుపు తీసి, లోపల లైట్లు పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో గోడ మీద బోర్డు రాసి, అద్దం బిగిస్తారట.

ఊరు రెండుగా చీలింది. దిబ్బ కింద బంగారం ఉందని, అందుకే తవ్వుతున్నారని కొందరు. ముందే అమ్ముడుపోయిందని కొందరు. మందుల షాపాయన జనం వస్తే బేరాలు పెరుగుతాయని కావాలన్నాడు. అడితి ఆయన తన లారీల దారికి అడ్డమని వద్దన్నాడు. ప్రెస్సాయన టిక్కెట్లు అచ్చువేసే పని తనకే వస్తుందని కావాలన్నాడు. ప్రెస్సాయన కావాలన్నాడు కాబట్టి నేను వద్దన్నాను.

అందరికన్నా గట్టిగా వద్దన్నది దర్జీ అక్క. మాకంటే నాలుగైదేళ్లు పెద్ద. వాళ్లమ్మ, అన్నయ్య ఇద్దరూ ఆ తలుపు దగ్గరే పోయారు. ఆఫీసరమ్మాయి కొలతల టేపు చూసి, మెడలోని తన టేపు తీసి ఎదురుగా నిలబడింది.

"మా అమ్మ పోయిన మెట్లు అవి. వాటి మీద టిక్కెట్టు కొనుక్కుని, పుల్ల ఐసు చీక్కుంటూ దిగుతారా జనం?"

"తినేవి లోపలికి రానివ్వమండీ" అంది ఆ పిల్ల.

"చూడ్డానికి మాత్రం రానిస్తారు!"

డూప్లికేట్ ఎటూ మాట్లాడలేదు. ఒకరోజు నా పెట్టె తాళం ఇరుక్కుంటే తీసుకెళ్లాను. ఆకురాయి ఆపకుండా అడిగాడు.

"ఆ గోడ మీద ఏం రాస్తారు?"

"జరిగింది రాస్తారు."

"ఎవరు చెప్పింది?"

"ఊరు చెప్పింది."

ఆకురాయి ఆగింది. "ఇన్నాళ్లూ నోటిమాటగా ఉంది. ఆ నోళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మన తరం కూడా పోతే మా నాన్నని మర్చిపోతారు, పీడా పోతుందనుకున్నా. అద్దంలో పెట్టి లైటు వేస్తే ఇంకెప్పుడు మర్చిపోతారు?"

తాళం అక్కడే వదిలి లేచాను. ఏదో ఒక కథ చెప్పకుండా నేను లేవడం అరుదు కాబట్టి, వాడు తలెత్తి అనుమానంగా చూశాడు.

ఆ వారమే ఆఫీసరమ్మాయి తలుపు పరిస్థితి చూడాలంది. మా నలుగుర్నీ తాళంచెవులతో రమ్మంది. తలుపు చూడ్డానికి పనివాడు ఎవరున్నారని టీ కొట్టు దగ్గర అడిగితే, వాళ్లు మలుపు వైపు చెయ్యి చూపించారు. ఆ పిల్లకు మా కథలు తెలియవు. మేం వెళ్లేసరికి డూప్లికేట్ సంచి భుజాన వేసుకుని గేటు ముందు నిలబడి ఉన్నాడు.

"వీడా?" అన్నాడు మందుల షాపాయన. "వీణ్ణి కిందికి దింపుతారా?"

"తాళాలు తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారాండీ?"

"తెలిసినవాడు కాబట్టే వద్దంటున్నాం!"

చాలాసేపు గొడవయ్యాక, వాడి చేతులు కనిపెట్టి ఉండడానికి మాలో ఒకరు వెంట దిగాలని తేలింది. అడితి ఆయన పొట్ట ఆ మెట్లలో పట్టదు. ప్రెస్సాయనకు చీకటంటే భయం. తను దిగితే పైనున్న మేం ముగ్గురం గేటు వేసేస్తామని మందుల షాపాయన అనుమానం. మిగిలింది నేను.

నాలుగు తాళాలూ తీశాం. వాడు ముందు, నేను వెనక. గోడలకు రెండు భుజాలూ రాసుకుంటున్నాయి. కింద టార్చి వేస్తే తలుపు కనపడింది. తాళం చెవి దూర్చే కన్నం నిండా మట్టి గట్టిపడి రాయిలా ఉంది. వాడు దాన్ని ముట్టుకోలేదు. సంచిలోంచి సన్నటి రంపపు బ్లేడు తీశాడు. తలుపుకూ చట్రానికీ మధ్య సందులో, తాళానికి పైభాగాన దూర్చాడు. తాళం వేసి ఉంటే దాని ఇనప నాలుక ఆ సందుకు అడ్డంగా ఉంటుంది. పైనుంచి బ్లేడు జారిస్తే అక్కడ తగిలి ఆగాలి. అంతే కిటుకు. ఎవరైనా చెయ్యగలరు.

బ్లేడు ఆగలేదు. తాళం దాటి కిందికి, మట్టి దాకా దిగింది. పైకి లాగాడు. మళ్లీ జార్చాడు. మళ్లీ దిగింది. బ్లేడు నా చేతికిచ్చాడు. నేనూ జార్చాను. అడ్డమన్నది తగిలితే ఒట్టు.

టార్చి తలుపు రెండో అంచుకు తిప్పాడు. బందులు మావైపే ఉన్నాయి. అంటే ఆ తలుపు లోపలికి పోదు. మెట్ల వైపు, మన మీదికి రావాలి. ఏటా గేటు దగ్గర నిలబడి ఆ తలుపు వైపు చూసినవాళ్లమే అందరమూ, బందులు ఎటున్నాయో ఎవరం గమనించలేదు.

వాడు కింది మెట్టు మీద కూలబడ్డాడు. నా చేతిలోంచి బ్లేడు తీసుకుని, చొక్కాకు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. పైకి వచ్చాక ఆఫీసరమ్మాయి అడిగితే, "తుప్పు పట్టింది. మట్టి తియ్యందే ఏం చెప్పలేం" అన్నాడు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కాడు.

మర్నాడు వాడి కొట్లోకి పక్కకు తిరిగి దూరాను.

"చెప్పవేంరా? మీ నాన్న నిజమే చెప్పాడు గదా!"

"మెల్లగా" అని బయటికి తొంగిచూశాడు. "నేను చెబితే నేనే తీశానంటారు. నువ్వు చెబితే నీ కథల్లో ఇదొకటి అంటారు. ఇంకెవరు చూశారు?"

"ఆ ఆఫీసరమ్మాయి చేత చూపిద్దాం."

"చూపిస్తావు. తర్వాత? తాళం తీసే ఉంది, తలుపు ఇటు వస్తుంది. లాగాల్సిన తలుపుని తోసి చచ్చారని రాస్తారు గోడ మీద. మా నాన్న బయటపడతాడు. చచ్చినవాళ్లు ఇరుక్కుంటారు. అది దర్జీ అక్క చదవాలి." మళ్లీ బయటికి తొంగిచూసి, "మా అమ్మ పోయినప్పుడు మా గడప తొక్కింది ఆవిడొక్కతేరా" అన్నాడు.

"అయితే మీ నాన్నను అలాగే వదిలేస్తావా?"

వాడు ఒక తాళంచెవి తీసుకుని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. అవసరం లేనంత అరగదీశాడు. "నాకు మీసాలొచ్చాక ఒకసారి అడిగా. నిజం చెప్పు నాన్నా, తీశావా, తియ్యలేదా అని. ఆయన ఇంక నాతో మాట్లాడ్డమే మానేశాడు."

నేను బయటికి వచ్చేశాను. ఆ రోజు ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఒంట్లో బాగోలేదేమోనని ఇంట్లో కంగారుపడ్డారు.

లైబ్రరీ హాల్లో సభ పెట్టారు. ఆఫీసరమ్మాయి బోర్డు మీద రాయబోయే మాటలు చదివింది. "సైరన్ మోగిన సమయంలో తాళంచెవి ఉన్న వ్యక్తి అందుబాటులో లేకపోవడంతో తలుపు తెరుచుకోలేదు." అభ్యంతరాలుంటే చెప్పమంది. అడితి ఆయన లేచి లారీల గురించి మాట్లాడాడు. ఆ వాక్యం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వెనక వరసలో డూప్లికేట్ తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు.

ఇంక ఉండబట్టలేక నేను లేచాను. "ఆ తలుపుకు తాళం వేసి లేదు. నేను చూశాను."

హాలంతా గొల్లుమంది.

"పోయినేడు మొసలి మీదెక్కి వాగు దాటానన్నావు తాతా!" అని ఎవరో అరిచారు.

"అది చిన్న మొసలి" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

దర్జీ అక్క మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, వెనక్కి తిరిగింది. "అబద్ధం చెప్పేటప్పుడు వీడి మొహం వెలిగిపోతుంటుంది. ఇప్పుడు మాడిపోయి ఉంది. ఏరా డూప్లికేటూ, నువ్వు చెప్పు."

"తుప్పక్కా."

"తుప్పు సంగతి అడగలేదు. తాళం సంగతి అడిగాను."

వాడు చెప్పుల మీంచి తలెత్తాడు. "తీసే ఉందక్కా" అన్నాడు.

హాల్లో గోల మొదలైంది. మందుల షాపాయన కుర్చీ మీద కొట్టాడు. "తాళాలవాడు పనిముట్లు పట్టుకుని కిందికి దిగాడు, పైకొచ్చి తీసే ఉందంటున్నాడు. మా చెవుల్లో పువ్వులున్నాయా?"

"కన్నంలో మట్టి ఇప్పటికీ కదల్లేదండీ" అంది ఆఫీసరమ్మాయి. "మొన్న వాళ్లు దిగకముందు గేటు ఊచల్లోంచి దగ్గరగా కనపడేలా ఫోటో తీశాను, నిన్న అక్కణ్ణుంచే మళ్లీ తీసి చూశాను. అది తియ్యకుండా తాళం తిప్పడం కుదరదు."

"ముందెప్పుడో తీసి మట్టి కూరి ఉంటాడు!"

"ఎలాగయ్యా?" అంది అక్క. "నాలుగు తాళాలు బిగించుకుని కూర్చుంది మీరేగా. వీణ్ణి ఒక్కసారన్నా గేటు దాటనిచ్చారా?"

మందుల షాపాయన ప్రెస్సాయన వైపు చూశాడు. ప్రెస్సాయన లేచాడు. ఆయన మాటలు అచ్చులాగే తప్పుల్లేకుండా ఉంటాయి.

"అయితే ఏమంటావు డూప్లికేటూ? తెరిచి ఉన్న తలుపుని తెలివితక్కువగా తోసి పోయారనా? మీ నాన్న కోసం పోయినవాళ్ల మీద నింద వేస్తావా?"

వాడు భయపడింది దీనికే. లేచి, బయటికి వెళ్లడానికి సంచి తీసుకున్నాడు.

"కూచో" అంది అక్క. వాడు కూర్చున్నాడు. ఆవిడ మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"నేనక్కడున్నాను. మా అమ్మ చంకలో ఉన్నాను. మా అమ్మ తలుపు తోయలేదు. ఒక చేత్తో రింగు పట్టుకుని లాగుతోంది. వెనక్కి జరగండి, కాస్త వెనక్కి జరగండి అని అరుస్తోంది. తర్వాత నన్నెవరికో అందించింది, తలల మీదుగా పైకి లాగేశారు. తాళం వేసిన తలుపుని ఎందుకు లాగిందా అని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నా. భయానికి మతి పోయిందేమో అనుకున్నా. మతి పోలేదు. తలుపు ఇటు రావాలి, రావడానికి చోటు కావాలి ఆవిడకి. ఎవరూ జరగలేదు."

ఆ మెట్ల మీద వెనక ఉన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. అడగక్కర్లేదు. వెనక ఉన్నవాళ్లే బతికారు. బతికినవాళ్లే సాక్ష్యం చెప్పారు, గేటు పెట్టారు, తాళంచెవులు పంచుకున్నారు. మా నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు చెప్పాడో, "పై మెట్టు మీద ఉండబట్టి బతికాన్రా" అని. నాకు కథలు చెప్పడం నేర్పింది ఆయనే. ఆ ఒక్కటీ కథ కాదు.

మిగతా ముగ్గురి వైపు చూశాను. ఒకాయన పైకి, ఒకాయన కిందికి, ఒకాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆఫీసరమ్మాయి బోర్డు కాగితాన్ని మడిచి, తలుపు తీసి చూశాకే రాస్తామంది.

రెండు రోజులకు ఆ ముగ్గురూ కలిసి మా ఇంటికి వచ్చారు. వాళ్లు ఒకే బెంచీ మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అడితి ఆయన చంకలో గుడ్డ సంచి ఉంది.

"మ్యూజియం వద్దని నిర్ణయించుకున్నాం" అన్నాడు, నిన్నమొన్నటి దాకా కావాలన్న మందుల షాపాయన. "పెద్దలు పోయారు. ఎందుకు తవ్వుకోవడం?"

"మంచిది."

"ఒకసారి నలుగురం వెళ్లి గేటు తీసి, పాపం తుప్పు పట్టిందంటగా, ఆ తాళంలో కాస్త నూనె పోసి వద్దాం."

"ఆ సంచిలో ఏముంది?"

"టార్చిలైటు" అన్నాడు అడితి ఆయన.

టార్చిలైటుకు సుత్తి పిడి ఉండడం అదే మొదటిసారి చూశాను. ఆ తాళం పగిలితే అది తీసి ఉందో వేసి ఉందో ఇంకెవరికీ తెలియదు.

"అయ్యో, నా తాళంచెవి పోయిందే!" అన్నాను. "మొన్న చేపలకు వెళ్లాను. గాలానికి బరువు దొరక్క దాన్నే కట్టాను. ఒక పెద్ద చేప దారంతో సహా మింగేసింది."

"ఏం చేప?"

"మొహం సరిగ్గా చూడలేదు."

"అబద్ధం!" అన్నాడు ప్రెస్సాయన.

"అయ్యుండొచ్చు. నా మాట ఏది నిజమో ఇంట్లోవాళ్లకే తెలియదు, నీకెలా తెలుస్తుంది?"

బతిమాలారు, బెదిరించారు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున దిబ్బ దగ్గరికి వెళ్తే, గేటు ముందు డూప్లికేట్ బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆకురాళ్లు, డబ్బా, అన్నీ అక్కడే. గేటుకు మాత్రం నాలుగడుగుల ఎడంగా, వచ్చేపోయేవాళ్లందరికీ చేతులు కనపడేలా.

"ఇక్కడ కొట్టు పెట్టావేంరా?"

"ఇన్నాళ్లూ వాళ్లు కొట్టుకుంటున్నారు కాబట్టి ఈ గేటు భద్రంగా ఉంది. ఇప్పుడు కలిశారు" అన్నాడు. తల వంచుకుని పని చేసుకుంటూ, "నీ తాళంచెవి ఎక్కడుంది?" అని అడిగాడు.

"చేప మింగింది."

"నాకు చెప్పు."

"మా నాన్న కూడా పై మెట్టు మీదే ఉన్నాడు. అందుకని అడుగుతున్నావా?"

"అవును."

కోపం వచ్చింది. కానీ వాడు అడగకుండా ఉంటే వాడు డూప్లికేట్ కాదు. "తెచ్చి నీ చేతికిచ్చేదా?"

"వద్దు!" బల్ల ఎగిరిపడేలా అన్నాడు. "ఒక్కసారి నా చేతిలోకి వచ్చిందంటే ఇంక నేనేం చెప్పినా చెల్లదు. చేప కడుపులోనే ఉండనీ."

ఉంచాను. అక్క కుట్టుమిషను కూడా తెచ్చి వాడి పక్కన వేసుకుంది. "వీణ్ణి కనిపెట్టడానికి ఒకరుండాలిగా" అనేది ఎవరడిగినా. ఇద్దరూ పొద్దుగూకేదాకా ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. వాడు ఆకురాయి ఆడిస్తుంటే ఆవిడ మిషను తొక్కేది.

చివరికి పైనుంచి అనుమతి వచ్చింది. మ్యూజియం కట్టడం సంగతి తర్వాత, ముందు తలుపు తీసి చూడమన్నారు. తాళంచెవుల గొడవ లేకుండా, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, గేటును చట్రంతో సహా కోసి పక్కన పెట్టారు. నాలుగు తాళాలూ వేసినవి వేసినట్టే దానికి వేలాడుతున్నాయి. కూలీలు మట్టి తోడారు. డూప్లికేట్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా నిలబడ్డాడు. ఆఫీసరమ్మాయి పిలిచినా కిందికి దిగలేదు.

"అక్క దిగాక దిగుతా" అన్నాడు.

అక్క దిగింది. ఆవిడ వెనకే వాడూ దిగాడు. పై మెట్టు మీద నేను నిలబడ్డాను. అక్క రింగు పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని, కాలు చట్రానికి తన్నిపెట్టి లాగింది. ఇనుము కీచుమంది. బెత్తెడు వచ్చింది. తర్వాత మూరెడు. తలుపు అంచులో తాళం నాలుక లోపలికి ముడుచుకుని, తుప్పుతో అక్కడే అతుక్కుపోయి ఉంది. ముందున్నవాళ్లకు కనపడింది. వాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. డూప్లికేట్ దాని మీద వేలు పెట్టి చూడబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముట్టుకోరా, ఇంకేం కాదు" అంది అక్క.

వాడు ముట్టుకున్నాడు. ఈలోగా వెనక జనానికి ఓపిక పోయింది. ఏముంది, ఏముంది అంటూ మెట్ల వైపు ఒక్కసారిగా కదిలారు. నా వీపు మీద ఎవరివో మోచేతులు పడ్డాయి. ఒక మెట్టు కిందికి జారాను. కింద డూప్లికేట్ గిరుక్కున తిరిగి చూశాడు. వాడు అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి వినడం.

"పైనెవరురా?"

"నేనే!"

"అక్కడే నిలబడు. ఒక్కణ్ణి తోయనివ్వకు."

నేను కిందున్న ఆ ఇద్దరికీ వీపు పెట్టి జనం వైపు తిరిగాను. చేతులు రెండూ చాపి చెరో గోడకూ ఆనించాను. కింద తలుపు పూర్తిగా తెరుచుకున్న చప్పుడు, అక్క లోపలికి అడుగుపెడుతూ "జాగ్రత్త, గుమ్మం ఎత్తుగా ఉంది" అంటున్న మాట వినపడ్డాయి. లోపల ఏముందో ఆ రోజు చూడనిది నేనొక్కణ్ణే. మందుల షాపాయన నా చేతి మీదికి ఒరిగి, మెడ సాచి, "కాస్త తప్పుకోవయ్యా, చూడనీ" అన్నాడు.

తప్పుకోలేదు.